చాలెంజర్ విమానం నేర్పే నిలవ సరుకు పాఠం

సంవత్సరాంతపు లెక్కలు తేల్చే వేళ ప్రతి వర్తకుడికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. గోదాములో మిగిలిపోయిన సరుకును పుస్తకాల్లో ఏ ధరకు రాయాలి? కొన్న ధరకా, నేడు మార్కెట్టులో పలికే ధరకా? ఈ రెండిటిలో ఏది తక్కువైతే ఆ ధరకే రాయాలని బి.కాం. మొదటి సంవత్సరంలోనే చెబుతారు. కళాశాల గడప తొక్కని షావుకార్లకు కూడా ఈ సంగతి అనుభవం మీద తెలుసు. అయినా ధర పడిపోయిన ఏడాది చేయి వెనకాడుతుంది. రేపో మాపో ధర లేస్తుందన్న ఆశతో పాత ధరకే రాస్తారు. పైగా వడ్డీ, గోదాము అద్దె కూడా సరుకు విలువలోనే కలుపుతారు. పుస్తకం పచ్చగానే ఉంటుంది. పెట్టెలో మాత్రం పైకం ఉండదు.

ఈ పొరపాటు ఒక్క దుకాణదారుడు చేస్తే ఒక కుటుంబం నష్టపోతుంది. ఒక ప్రభుత్వ సంస్థ చేస్తే దేశమంతా నష్టపోతుంది. కెనడా దేశంలో కెనడెయిర్ అనే విమానాల కంపెనీ విషయంలో జరిగింది అదే. 1982లో ఆ కంపెనీ చూపిన నష్టం దాదాపు 140 కోట్ల కెనడా డాలర్లు. అప్పటివరకు కెనడాలో ఏ కంపెనీ కూడా ఒక్క ఏడాదిలో అంత నష్టం చూపలేదు. విశేషమేమంటే, ఆ నష్టానికి కారణమైన సరుకు చెడ్డది కాదు. చాలెంజర్ అనే ఆ విమానం నేటికీ తయారవుతూనే ఉంది, అమ్ముడవుతూనే ఉంది. సరుకు మంచిదై కూడా వ్యాపారం ఎలా మునిగింది, మునిగిన వ్యాపారాన్ని కొన్నవారు ఎలా బాగుపడ్డారు అన్నది మన వర్తకులు తెలుసుకోదగిన విషయం.

కంపెనీ పూర్వాపరాలు

మాంట్రియల్ నగరంలో 1911లో కెనడియన్ వికర్స్ అనే ఓడల కంపెనీ స్థాపితమైంది. ఇది బ్రిటన్‌లోని వికర్స్ సంస్థకు అనుబంధం. 1920 దశకంలో ఇది నీటి మీద వాలే విమానాల తయారీలోకి కూడా దిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గిరాకీ పెరగడంతో విమానాల విభాగాన్ని వేరుచేసి 1944లో కెనడా ప్రభుత్వం కెనడెయిర్ అనే కంపెనీని ఏర్పాటు చేసింది. యుద్ధం ముగిశాక 1947లో అమెరికాకు చెందిన ఎలక్ట్రిక్ బోట్ కంపెనీ దీనిని కొన్నది. ఆ కంపెనీయే 1952 నుంచి జనరల్ డైనమిక్స్ అయింది.

తర్వాతి పాతికేళ్లు కెనడెయిర్ ప్రధానంగా సైనిక కాంట్రాక్టుల మీదనే బతికింది. అమెరికా నమూనా అయిన సేబర్ యుద్ధ విమానాలనే 1,800కు పైగా తయారుచేసింది. మంటలపై నీళ్లు కుమ్మరించే సి.ఎల్.-215 విమానం ఈ కంపెనీ సొంత సృష్టి. అది 1967లో తొలిసారి ఎగిరింది. అయితే సైనిక ఆర్డర్లు తగ్గేసరికి కర్మాగారంలో పని కరువైంది. ఒకే ఖాతాదారు మీద ఆధారపడిన కొట్టుకు ఆ ఖాతాదారు రావడం మానితే ఏ గతి పడుతుందో కెనడెయిర్‌కూ ఆ గతే పట్టింది. అమెరికా యజమానులు వదిలించుకోజూశారు. ఉద్యోగాలు పోతాయన్న భయంతో 1976లో కెనడా ప్రభుత్వమే కంపెనీని కొన్నది. నడుస్తున్నట్లు చేసి ఆనక మంచి ధరకు ప్రైవేటువారికి అమ్మాలన్నది ఆలోచన. నడవాలంటే కొత్త సరుకు కావాలి.

కొత్త సరుకు కోసం వేట

ఆ సమయంలో అమెరికాలో విలియం లియర్ అనే ఆయన ఒక కొత్త విమానం ఊహాచిత్రాన్ని చేతబట్టుకుని తయారీదారు కోసం వెతుకుతున్నాడు. కంపెనీల అధిపతులు, అధికారులు సొంతానికి వాడుకునే చిన్న జెట్ విమానాల వ్యాపారంలో లియర్ జెట్ ద్వారా ఆయనకు అప్పటికే గొప్ప పేరుంది. ఈ కొత్త విమానానికి లియర్ స్టార్ 600 అని ఆయన పేరు పెట్టాడు. 1976లో కెనడెయిర్ దీనిపై హక్కులు సంపాదించింది.

అయితే కెనడెయిర్ ఇంజనీర్లు ఆ నమూనాను దాదాపు పూర్తిగా మార్చివేశారు. అన్నిటికంటే ముఖ్యం, లోపలి గది వెడల్పును ఎనిమిది అడుగులు దాటించారు. అప్పటి వ్యాపార జెట్లలో చాలావాటిలో మనిషి నడుము వంచుకుని నడవవలసి వచ్చేది. ఈ విమానంలో ఆరడుగుల మనిషి నిటారుగా నిలబడవచ్చు. లియర్‌కు ఈ మార్పు గిట్టలేదు. లావుపాటి ఆల్బర్ట్ అని దానిని ఎగతాళి చేశాడు. 1978 మే నెలలో ఆయన మరణించాడు. అదే ఏడాది నవంబరు 8న విమానం మొదటిసారి ఎగిరింది. 1977లోనే దాని పేరు చాలెంజర్‌గా మారింది.

కొనుగోలుదారుకు ఏం కావాలో కనిపెట్టడంలో కెనడెయిర్ పొరబడలేదన్నది గమనార్హం. వెడల్పైన గదికి గిరాకీ ఉంటుందన్న అంచనా నూటికి నూరు పాళ్లు నిజమైంది. పొరపాటు మరోచోట జరిగింది.

బయానాలు చూసి బరిలోకి

కనీసం 50 విమానాలకు ఆర్డర్లు వస్తేనే పని మొదలుపెట్టాలని ప్రభుత్వం షరతు విధించింది. షరతు సబబైనదే. 1976 అక్టోబరు చివరికి ఆ సంఖ్య దాటింది. పని మొదలైంది.

కాని ఆ ఆర్డర్లు ఎటువంటివి? వాటిలో 25 విమానాలు ఒక్క ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అనే పార్శిళ్ల కంపెనీవి. అప్పటి అమెరికా నిబంధనల ప్రకారం ఆ కంపెనీ పెద్ద విమానాలు నడపడానికి వీల్లేదు. అందుకే చిన్నవాటిలో కాస్త పెద్దదైన చాలెంజర్ మీద దాని కన్నుపడింది. 1977 చివర అమెరికా ప్రభుత్వం సరుకు రవాణా విమానాలపై ఆంక్షలు తొలగించింది. ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ తిన్నగా వెళ్లి పెద్ద బోయింగ్ విమానాలు కొనుక్కున్నది. చాలెంజర్ ఆర్డరు రద్దయింది. తొలి ఆర్డర్లలో ఇంచుమించు సగం ఆ విధంగా గాలికి పోయాయి.

ప్రభుత్వ ఉత్తర్వు మీద పుట్టిన గిరాకీ ప్రభుత్వ ఉత్తర్వుతోనే పోతుంది. ఎగుమతుల అనుమతులు, నిలవల పరిమితులు ఒక్క రాత్రిలో మారిపోవడం చూసిన మన వర్తకులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

రెండో లోపం ఇంకా పెద్దది. విమానం ఇంకా కాగితం మీద ఉండగానే ఇంత ధర, ఇంత దూరం, ఇంత వేగం అని కొనుగోలుదార్లకు హామీ ఇచ్చారు. చేతిలో సరుకు లేకుండా, రాబోయే పంట ఎలా ఉంటుందో తెలియకుండా నాణ్యతకూ ధరకూ మాట ఇచ్చి వాయిదా అమ్మకం చేయడం వంటిదే ఇది. పంట అనుకున్నట్లు వస్తే లాభమే. రాకపోతే బయట ఎక్కువ ధరకు కొనైనా మాట నిలుపుకోవాలి.

తూకం పెరిగింది, దూరం తగ్గింది

పంట అనుకున్నట్లు రాలేదు. విమానం తయారయ్యేసరికి అనుకున్నదానికంటే బరువెక్కింది. లైకమింగ్ కంపెనీ ఇంజన్లు ఆశించినట్లు పనిచేయక చిక్కులు పెట్టాయి. బరువు ఎక్కువై, ఇంధనం ఖర్చు ఎక్కువై, ఒక్క ఊపులో ఎంత దూరం పోతుందని చెప్పారో అంత దూరం పోలేకపోయింది. 1980 ఏప్రిల్ 3న అమెరికాలోని మొహావే ఎడారిపై పరీక్షలు జరుపుతుండగా మొదటి నమూనా విమానం కూలిపోయింది. గాలిలో పట్టుతప్పిన విమానాన్ని నిలదొక్కుకునేలా చేయడానికి తోకకు అమర్చిన గొడుగు విచ్చుకున్నది గాని, పని అయిన తర్వాత ఊడిరాలేదు. ఇద్దరు దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. పైలట్ మరణించాడు.

అయినప్పటికీ 1980 ఆగస్టులో కెనడా, నవంబరులో అమెరికా ప్రభుత్వాలు అమ్మకానికి అనుమతినిచ్చాయి. మొదటి రకం చాలెంజర్లు 80కి పైగా తయారయ్యాయి. హామీ ఇచ్చిన దూరం పోనందున కొనుగోలుదార్లతో పేచీలు వచ్చాయి. దీంతో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజన్లు బిగించి, రెక్కల కొసలు పైకి తిప్పి 601 అనే కొత్త రకాన్ని రూపొందించారు. దీని నమూనా 1982 ఏప్రిల్‌లో ఎగిరింది. ఇది అన్ని విధాలా మంచి విమానమని పేరు తెచ్చుకున్నది. అంటే సరుకు దారిన పడింది. కాని అప్పటికే ఆలస్యమైంది. 1981-82లో అమెరికాలో వ్యాపారం మందగించింది. పొదుపు చేయవలసి వచ్చినప్పుడు కంపెనీలు మొట్టమొదట మానుకునేది సొంత విమానం కొనడమే. గిరాకీ మందకొడిగా ఉండడంతో తయారైన విమానాలు అమ్ముడుకాక నిలిచిపోయాయి.

వడ్డీ పరుగులు

ఈ పని అంతటికీ పెట్టుబడి ఎక్కడిది? చాలావరకు అప్పే. ప్రభుత్వం వాటా ధనంగా ఇచ్చినది తక్కువ. బ్యాంకుల నుంచీ, బాండ్ల ద్వారానూ తెచ్చినది ఎక్కువ. ఇందుకు ప్రభుత్వం ఒక తెలివైన మార్గం కనిపెట్టింది. చట్టబద్ధమైన పూచీకత్తు ఇవ్వాలంటే పార్లమెంటు ముందుకు పోవాలి. దానికి బదులు, ఈ కంపెనీ మాది, దీని అప్పుల సంగతి మేము చూసుకుంటాము అనే అర్థం వచ్చేలా మంత్రులు బ్యాంకులకు ఉత్తరాలు రాశారు. వీటిని ఊరట లేఖలు అనవచ్చు. పద్దులో ఖర్చు కనిపించదు, పార్లమెంటులో చర్చ ఉండదు, బ్యాంకువాడికి మాత్రం ధైర్యం. నోటు మీద సంతకం చేయకుండా, మా బావమరిదే, ఇవ్వండి, నేనున్నాను అని పెద్దమనిషి నోటిమాటతో అప్పు ఇప్పించడం వంటిది. అప్పు తీర్చవలసిన రోజున ఆ నోటిమాటే మెడకు చుట్టుకుంటుంది.

అప్పు పెరుగుతున్న ఆ రోజుల్లోనే వడ్డీ రేట్లు ఆకాశానికెక్కాయి. 1981 ఆగస్టులో కెనడా కేంద్ర బ్యాంకు రేటు 21 శాతం. సాలుకు 20 శాతం చొప్పున చూసినా మన లెక్కలో నెలకు నూటికి రూపాయి అరవై ఏడు పైసలు. ఆ వడ్డీ కట్టకుండా ఏటా అసలులో కలుపుతూ పోతే నాలుగేళ్లు తిరిగేసరికి అసలు రెట్టింపు దాటుతుంది. మన ఊళ్లలో వడ్డీ వ్యాపారులు ఇచ్చే దరి అది. ఆ దరికి తెచ్చిన సొమ్ముతో విమానం కట్టి, ఎప్పుడో వచ్చే కొనుగోలుదారు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం సంగతి అటుంచి అసలు దక్కడమే గగనం.

పుస్తకాల్లో దాగిన నష్టం

ఇంత జరుగుతున్నా 1982 వరకు ఈ నష్టం ఎవరి కంటా ఎందుకు పడలేదు? ఇక్కడే మనం మొదట చెప్పుకున్న నిలవ సరుకు ప్రశ్న వస్తుంది.

విమానాల వ్యాపారంలో ఒక లెక్కల పద్ధతి ఉన్నది. కొత్త విమానాన్ని రూపొందించడానికి అయ్యే ఖర్చును ఏ ఏడుకాయేడు నష్టంగా రాయరు. మొత్తం ఎన్ని విమానాలు అమ్ముడవుతాయో అంచనా కట్టి, ఖర్చును ఆ సంఖ్యకు పంచుతారు. అమ్మిన ప్రతి విమానం మీదా దాని వాటా మాత్రమే ఖర్చు రాస్తారు. తక్కినదంతా నిలవ సరుకు విలువ కింద ఆస్తుల పట్టీలో కూర్చుంటుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. రూపకల్పనకు 40 కోట్లు అయిందనుకుందాం. 400 విమానాలు అమ్ముతామని అంచనా వేస్తే ఒక్కొక్కదానిపై పడేది 10 లక్షలు. ఏడాదికి 20 విమానాలు అమ్మితే ఆ ఏడాది ఖర్చు కింద 2 కోట్లు మాత్రమే రాస్తారు. మిగిలిన 38 కోట్లు ఆస్తి. కాని తుదకు అమ్ముడయ్యేవి 100 మాత్రమే అని తేలితే ఒక్కొక్కదానిపై పడవలసినది 40 లక్షలు. అంటే అమ్మిన ప్రతి విమానం మీదా 30 లక్షలు తక్కువ ఖర్చు రాసుకుని లాభం వచ్చిందనుకున్నారన్నమాట. పైగా ఖర్చు పెరిగినకొద్దీ పుస్తకంలో ఆస్తి కూడా పెరుగుతూ కనిపిస్తుంది. వడ్డీని కూడా అందులో కలిపితే అప్పు పెరిగినకొద్దీ కంపెనీ మరింత సంపన్నమైనట్లు కనిపిస్తుంది.

ఈ పద్ధతి మోసం కాదు. అంచనా నిజమైతే న్యాయమైన పద్ధతే. అంతా ఆ ఒక్క అంచనా మీద నిలబడి ఉన్నది. ఆ అంచనా వేసేది ఎవరు? ఆ విమానాన్ని ఎలాగైనా నడిపించాలని పట్టుదలతో ఉన్నవారే. అమ్మకాలు తగ్గుతాయని వారు ఒప్పుకుంటే నష్టం ఆ రోజే బయటపడుతుంది. కనుక ఒప్పుకోరు.

కెనడెయిర్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది. చివరకు అంచనా నిలబడదని తేలినప్పుడు, ఏళ్ల తరబడి ఆస్తి కింద పేరుకున్నదంతా ఒక్కసారిగా కొట్టివేయవలసి వచ్చింది. 140 కోట్ల నష్టం 1982లో పుట్టినది కాదు. 1982లో రాసినది మాత్రమే. అది అంతకు ముందు ఏళ్లలోనే కొంచెం కొంచెంగా జరిగిపోయింది.

కొన్నవారి వంతు

ప్రభుత్వం 1984లో వంద కోట్ల డాలర్లకు మించిన పాత అప్పును కంపెనీ నుంచి విడదీసి తన నెత్తిన వేసుకున్నది. అప్పు దిగిపోయిన కెనడెయిర్ వెంటనే చిన్నపాటి లాభం చూపసాగింది. విమానం అదే, కర్మాగారం అదే, పనివారు వారే. వడ్డీ మాత్రమే లేదు.

1986లో ప్రభుత్వం కంపెనీని బొంబార్డియర్ సంస్థకు అమ్మింది. ధర సుమారు 12 కోట్ల కెనడా డాలర్లు, చాలెంజర్ అమ్మకాలపై కొంత రాయల్టీ. మంచుపై పరుగులు తీసే స్కీ-డూ బండ్లతో పేరు తెచ్చుకున్న క్యూబెక్ రాష్ట్రపు కంపెనీ అది. జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ స్థాపించగా, ఆయన అల్లుడు లారెంట్ బోడ్వాన్ పెంచి పెద్దచేశాడు. అప్పటికి ఆ కంపెనీకి విమానాల అనుభవమే లేదు. వంద కోట్లకు పైగా మింగిన సరుకు దానికి పదో వంతు ధరకు చేతికి వచ్చింది. బేరం పూర్తయ్యే లోపలే, 1986 అక్టోబరు చివర, సి.ఎఫ్.-18 యుద్ధ విమానాల మరమ్మతు కాంట్రాక్టును ప్రభుత్వం కెనడెయిర్‌కు ఇచ్చింది. విన్నిపెగ్‌లోని బ్రిస్టల్ కంపెనీ అంతకంటే తక్కువ ధరకు టెండరు వేసినా దానికి దక్కలేదు. పశ్చిమ కెనడా ప్రజలకు ఈ సంగతి చాలాకాలం కడుపుమంటగా మిగిలింది.

బొంబార్డియర్ ఆ వెడల్పైన గొట్టాన్నే సాగదీసి 50 మంది ప్రయాణించే సి.ఆర్.జె. విమానాన్ని తయారుచేసింది. 1991లో ఎగిరిన ఆ రకం 1992లో జర్మనీలోని లుఫ్తాన్సా సిటీలైన్‌తో సర్వీసులోకి వచ్చింది. ఆ కుటుంబపు విమానాలు 1,900కు పైగా అమ్ముడయ్యాయి. 1996లో ఎగిరిన, మరింత దూరం పోయే గ్లోబల్ ఎక్స్‌ప్రెస్‌కూ గది వెడల్పు అదే. లియర్ ఎగతాళి చేసిన లావే కాసులు కురిపించింది. మరో విచిత్రం, 1990లో లియర్ జెట్ కంపెనీ కూడా బొంబార్డియర్ చేతికే వచ్చింది.

ఖర్చు ప్రజలు పెట్టుకున్నారు, ఫలం కొన్నవారు అనుభవించారు అన్న విమర్శ అప్పటి నుంచి ఉన్నదే. అయితే ఆ ధరకు సిద్ధపడి, ఆ సరుకుతో కొత్త వ్యాపారం ఊహించడం కూడా తేలిక పని కాదని చెప్పాలి.

అదే ఇంట్లో మరోసారి

ఈ పాఠం అందరికంటే బాగా తెలియవలసినది బొంబార్డియర్‌కే. అయినా 2008లో ఆ కంపెనీ సి-సిరీస్ అనే వందకు పైగా సీట్ల విమానాన్ని తలపెట్టి, బోయింగ్, ఎయిర్‌బస్‌లతో పోటీకి దిగింది. ఎగిరేసరికి 2013 సెప్టెంబరు అయింది. ఖర్చు అంచనాలు దాటింది. 2015లో ఈ ఒక్క విమానం పద్దు కింద 320 కోట్ల అమెరికా డాలర్లు కొట్టివేశారు. క్యూబెక్ ప్రభుత్వం 100 కోట్ల అమెరికా డాలర్లు పెట్టి ఆదుకున్నది. 2018 జూలైలో ఎయిర్‌బస్ రొక్కం చెల్లించకుండానే సగానికి పైగా వాటా తీసుకున్నది. 1986లో కారుచౌకగా కొన్నవారే 2018లో ఉత్తచేతులతో ఇచ్చారు.

కారుచౌకగా వచ్చినంత మాత్రాన లాభం తప్పదనుకోరాదు. ఎ-220 అని పేరు మార్చుకున్న ఆ విమానంపై ఎయిర్‌బస్‌కు 2024 నాటికీ లాభం రాలేదు.

అప్పులు తీర్చడానికి బొంబార్డియర్ 2020లో సి.ఆర్.జె. వ్యాపారాన్ని జపాన్‌కు చెందిన మిత్సుబిషికీ, 2021లో రైళ్ల వ్యాపారాన్ని ఫ్రాన్సుకు చెందిన ఆల్‌స్టామ్‌కూ అమ్మివేసింది. లియర్ జెట్ల తయారీ కూడా 2022లో ముగిసింది. మిగిలినవి చాలెంజర్, గ్లోబల్ రకాల వ్యాపార జెట్లు మాత్రమే. 2024లో అటువంటివి 146 అప్పగించింది. ఆ ఏడాది రాబడి సుమారు 870 కోట్ల అమెరికా డాలర్లు. అన్నీ పోయాక ఇంటిని నిలబెట్టినది, 1982లో దేశాన్ని కుదిపేసిన ఆ సరుకు తాలూకు సంతానమే.

మన వర్తకులు గ్రహించవలసినవి

ఒకటి. ఆర్డరు వేరు, అమ్మకం వేరు. బయానా ఇచ్చినవాడు దేని కోసం కొంటున్నాడో విచారించాలి. సగం ఆర్డర్లు ఒక్క చేతి మీదుగా వస్తే అది బలం కాదు, బలహీనత.

రెండు. సరుకు చేతికి రాకముందే ధరకూ నాణ్యతకూ మాట ఇచ్చేటప్పుడు తరుగుకు చోటు ఉంచుకోవాలి.

మూడు. వడ్డీని సరుకు విలువలో కలపరాదు. కొనేవాడికి మీ వడ్డీతో పని లేదు. మార్కెట్టు ధర మీ అప్పును చూసి పెరగదు.

నాలుగు. సంతకం లేని పూచీ కూడా పూచీయే. నేనున్నాను అనే ముందు, నిజంగా కట్టవలసి వస్తే కట్టగలమా అని చూసుకోవాలి.

ఐదు, అన్నిటికంటే ముఖ్యం. నిలవ సరుకు ధర కట్టే పని, ఆ సరుకు కొన్నవాడి చేతికే వదలరాదు. కొన్నవాడికి దాని మీద మమకారం ఉంటుంది. భాగస్థుడో, గుమాస్తాయో, బయటి దలాలో ఎవరైనా సరే, ఆ సరుకు ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో చెప్పగలవారిని అడిగి ఆ ధర రాయాలి. నష్టం ఉంటే ఆ ఏడాదే రాసుకుంటే కొట్టు నిలుస్తుంది. మరుసటి ఏటికి తోసిన నష్టం వడ్డీతో సహా తిరిగి వస్తుంది. అప్పటికి ఆ సరుకు నిజంగా మంచిదే అయినా, దాని మీద లాభం చూసేది మనం కాకపోవచ్చు.